పౌరసేవలకు త్రోవ: విశాఖ వెబ్‌సైట్లును వికలాంగుల హక్కును

1933వ సంవత్సరమునకు పూర్వము విశాఖపట్టణమునకు సముద్రము లేకపోలేదు, ఓడలు రాకపోలేదు. కాని వచ్చిన యోడ తీరమునకు దూరముగా లంగరు దించి నిలువవలసినదే. సరకులును ప్రయాణికులును పడవలవారిపై నాధారపడి యొడ్డు చేరవలసినదే. డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కగా కాలువ త్రవ్వి లోపలి రేవును నిర్మించిన పిమ్మట, 1933 అక్టోబరులో సింధియా కంపెనీవారి జలదుర్గ నౌక లోనికి ప్రవేశించెను. డిసెంబరు 19వ తేదీన రేవు లాంఛనముగ తెఱవబడెను. సముద్రము మాఱలేదు, ఓడయు మాఱలేదు. త్రోవ యేర్పడినది, అంతియే.

నేడు ప్రభుత్వసేవల విషయమున మన వికలాంగ సోదరులు ఆ పూర్వకాలపు టోడలవలె దూరమున నిలిచియున్నారు. ఇంటిపన్ను, నీటిపన్ను, జనన మరణ ధ్రువపత్రములు, ఫిర్యాదులు మున్నగునవి కచేరీ గుమ్మమునుండి కంప్యూటరు తెఱమీదికిని చేతిలోని ఫోనులోనికిని తరలివచ్చినవి. రైతు తన యడంగలును 1-బి నకలును మీభూమి వెబ్‌సైటులో చూచుకొనుచున్నాడు. 2001లో హైదరాబాదున ఈసేవ, 2011లో మీసేవ, 2019లో గ్రామ వార్డు సచివాలయములు, 2025 జనవరి 30వ తేదీన 161 సేవలతో వాట్సాపుద్వారా మన మిత్ర, ఇట్లు పావు శతాబ్దములో నీ మార్పు జరిగినది. ఇది మంచి మార్పే. గుమాస్తాకొఱకు గంటలకొలది కాచుకొను బాధ చాలమందికి తప్పినది. కాని యీ మార్పు అందఱికిని సమముగా నందినదా యను ప్రశ్నను మేము నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

కన్నులు లేనివానికి కంప్యూటరుతో పనియేమి యని యడుగువారు మన పట్టణములలో నింకను పెక్కురు గలరు. అది తెలియనితనముచే నడుగు ప్రశ్న. తెఱపై నున్న యక్షరములను చదివి చెవికి వినిపించు స్క్రీన్ రీడరను సాధనము వాడుకలోనికి వచ్చి చాలకాలమైనది. ఆస్ట్రేలియా దేశమున నిరువురు అంధయువకులు 2006లో నారంభించిన ఎన్‌వీడీఏ యను సాధనము ఉచితముగనే లభించుచున్నది. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్, ఆపిల్ ఫోనులలో వాయిస్‌ఓవర్ ముందుగనే యమర్చబడియుండును. తెలుగును గూడ నవి పలుకగలవు. అంధుడు మౌసు ముట్టకయే, కీబోర్డుమీటలతో నొక యంశమునుండి మఱియొక యంశమునకు పోవుచు, వినుచు, వ్రాయుచు, పని ముగించుకొనగలడు. అనగా చదువగల సాధనము వానియొద్ద నున్నది. చదువదగిన రూపమున పుటను నిర్మించుటయే కార్యాలయమువారి వంతు.

ఆ వంతు నెఱవేరని చోట నేమి జరుగునో చూతము. దరఖాస్తులోని గడికి పేరు కట్టబడనిచో, యంత్రము "గడి" యని మాత్రమే పలుకును. అందు తన పేరు వ్రాయవలెనో తండ్రిపేరు వ్రాయవలెనో వినువానికి తెలియదు. చిత్రమునకు వివరణ లేనిచో, "చిత్రము" అని పలికి యూరకుండును. వంకరటింకర యక్షరముల బొమ్మను చూచి టైపు చేయుమను క్యాప్చాకు ధ్వనిరూపమైన ప్రత్యామ్నాయము లేనిచో, అంధుని ప్రయాణ మచ్చటనే యాగును. మనుష్యుడవో కావో నిరూపించుకొమ్మని యడిగి, నిరూపించుకొను మార్గమును మూసివేయుట యెట్టి న్యాయము?

తెలుగువారికి ప్రత్యేకమైన మఱి రెండు చిక్కులు గలవు. మొదటిది, కాగితముమీద నచ్చొత్తించి సంతకము చేసిన యుత్తరువును ఫొటో తీసి పీడీఎఫ్‌గా వెబ్‌సైటునం దుంచు నలవాటు. కంటికది యక్షరము; యంత్రమునకది వట్టి బొమ్మ. రెండవది, యూనికోడ్ కాని పాత ఫాంట్లలో తెలుగు వ్రాయుట. 1991 నాటికే తెలుగు లిపికి యూనికోడ్‌లో స్థానము లభించినది. అయినను అచ్చుపనికి వాడు పాత ఫాంట్లతో వ్రాసిన ప్రకటనను యంత్రము చదువబోయినచో, అర్థములేని యింగ్లీషు గుర్తులు మాత్రమే వినవచ్చును. పుట యే భాషలో నున్నదో లోపలి సంకేతములలో ప్రకటింపనిచో, తెలుగును ఇంగ్లీషు గొంతుతో పలుకబోయి చెఱచును. తెలుగున పాలన జరుగవలెనని కోరుకొను మనము, ఆ తెలుగు చెవికి వినబడు తెలుగుగ నుండవలెననియు కోరవలయును గదా!

ఇది యంధుల సమస్య మాత్రమే కాదు. బధిరునకు వీడియోక్రింద నక్షరములు కావలయును. ఫోనుచేసి మాటాడుమను నేర్పాటొక్కటే యున్నచో వానికి ఫిర్యాదు చేయు మార్గమే లేదు. చేతులు వణకువానికి మౌసు లేకయే పనిచేయు పుట కావలయును; ఓటీపీ వ్రాయుటకు మఱికొంత వ్యవధి కావలయును. రంగుల భేదము గుర్తింపలేనివానికి ఎఱుపు గడి తప్పనియు, ఆకుపచ్చ గడి ఒప్పనియు జెప్పిన చాలదు; అక్షరములతో గూడ జెప్పవలయును. లేత బూడిదరంగు నేలపై తెల్లని యక్షరములు అరువదియేండ్లు దాటిన యే గృహస్థునకైనను కష్టమే. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము మామూలు పరిమాణపు టక్షరములకును నేలకును గల కాంతిభేదము కనీసము 4.5కు 1 నిష్పత్తిలో నుండవలయును. శుక్లములు రాని కుటుంబమేది? పక్షవాతము తొంగిచూడని వీధి యేది? నేడు నిండుకన్నులతో నీ పత్రికను చదువుచున్నవారిలో ననేకులు రేపు ఈ సౌకర్యమునకే చేయి చాపవలసినవారు.

2011 జనగణన ప్రకారము భారతదేశమున 2.68 కోట్లమంది వికలాంగులు. నాటి యుమ్మడి యాంధ్రప్రదేశమున 22.66 లక్షలమంది. పిమ్మట వచ్చిన 2016 నాటి చట్టము గుర్తించు వైకల్యములను 7 నుండి 21కి పెంచినది. విశాఖ రేవుపట్టణము, ఉక్కునగరము. యంత్రములతోను, బరువులతోను, మంటలతోను పనిచేయు శ్రామికుల నగరము. ఇట్టి నగరమున వైకల్యము పుట్టుకతో మాత్రమే వచ్చుననుకొనుట పొరపాటు. నగరమునకై కాయకష్టము చేసి యంగము గోల్పోయినవానిని నగరపు వెబ్‌సైటు గుమ్మముకడ నిలుపుట కృతఘ్నత.

చట్టము లేదా యనగా, కలదు. భారతదేశము ఐక్యరాజ్యసమితివారి వికలాంగుల హక్కుల యొడంబడికను 2007లో ధ్రువీకరించినది. దాని ననుసరించి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19 నుండి అమలులోనికి వచ్చినది. దాని 42వ సెక్షను ఎలక్ట్రానిక్ మాధ్యమములలోని విషయమంతయు వికలాంగులకు సుగమముగ నుండునట్లు చూడుమని ప్రభుత్వమును శాసించుచున్నది. 46వ సెక్షను సేవలందించువారికి, ప్రభుత్వమువారు గానిండు ప్రైవేటువారు గానిండు, నియమములు వెలువడిన నాటినుండి రెండేండ్ల గడువు విధించినది. నియమములు 2017 జూనులో వెలువడినవి. కావున గడువు 2019 జూనుతోనే తీరినది. ఉల్లంఘించినవారికి మొదటిసారి 10,000 రూపాయలవఱకును, పిమ్మట 50,000 మొదలు 5 లక్షల రూపాయలవఱకును జుల్మానా విధింపవచ్చును. శాసనమున కొఱత లేదు. శాసనమును చదివి యాచరించు సంకల్పమునకే కొఱత.

న్యాయస్థానము మనకంటె ముందు నడచినది. దృష్టిలోపము గల రాజీవ్ రతూరీ 2005లో సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యమున, 2024 నవంబరు 8వ తేదీన తీర్పు వెలువడినది. సౌలభ్య ప్రమాణములను వట్టి సలహాలుగ నుంచిన 15(1) నియమము మాతృచట్టమునకు విరుద్ధమని నిర్ణయించి, తప్పక పాటింపవలసిన నియమములను మూడు మాసములలో రచింపుమని కోర్టు కేంద్రప్రభుత్వము నాజ్ఞాపించెను. ఆ తీర్పునకు తోడ్పడిన నివేదికను తయారుచేసినది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమువారి వికలాంగ అధ్యయన కేంద్రమని చెప్పుకొనుట మనకు గర్వకారణము. పిమ్మట 2025 ఏప్రిలు 30వ తేదీన ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే న్యాయస్థానము, డిజిటల్ సేవలను పొందు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో నంతర్భాగమని ప్రకటించినది. ఆమ్లదాడికి గుఱియై కనుఱెప్పలు కదల్పలేని స్త్రీని, కనుఱెప్పలార్చి బ్రదికియున్నట్లు నిరూపించుకొమ్మని బ్యాంకువారి యంత్రము కోరినది. ఆ కేసునకు మూలమిదియే. ఇంతకంటె క్రూరమైన పరిహాసముండునా?

కార్యాలయములలో వినబడు నాక్షేపణలు మూడు. వికలాంగులు కొద్దిమందియే యందురు. త్రోవ లేనిచోట బాటసారులు కానరాకుండుట వింతయా? ఖర్చగు నందురు. ఇల్లు కట్టునప్పుడు మెట్ల ప్రక్కన వాలుదారి వేయించుటకు ఖర్చు స్వల్పము. కట్టిన పిమ్మట గోడ పగులగొట్టించుటకు ఖర్చధికము. వెబ్‌సైటునకును నిదే న్యాయము. సిడ్నీ ఒలింపిక్ క్రీడల వెబ్‌సైటు తనకు చదువుటకు వీలుగా లేదని బ్రూస్ మగ్వైర్ అను నంధుడు ఫిర్యాదు చేయగా, నిర్వాహకులు వ్యయప్రయాసలను చూపి తప్పించుకొనజూచిరి. ఆస్ట్రేలియా మానవహక్కుల సంఘమువారు 2000లో నా వాదమును త్రోసిపుచ్చి 20,000 డాలర్ల పరిహారము విధించిరి.

మూడవ యాక్షేపణము మఱింత ప్రమాదకరము: "ఎవరైన సాయము చేయుదురులే." ఎవరా యెవరైన? ఓటీపీని, బ్యాంకు వివరములను, ఆధార్ సంఖ్యను పరుల చేతిలో బెట్టి, వారు నొక్కినదేదో తెలియక, వారు చెప్పినదే నమ్మవలసిన పౌరుడు స్వతంత్రుడా? చదువురాని రైతు వ్రేలిముద్ర వేసి తన భూమిని పోగొట్టుకొనిన కథలు మన తాతలకు తెలియనివి కావు. కాగితము పోయి తెఱ వచ్చినను పరాధీనత మాత్రము పోలేదు. స్వరాజ్యమనగా తన పనిని తాను చేసికొనగల శక్తి యని మేము నమ్మియున్నాము.

శక్తి వారియందు లేదనుకొనుట తప్పు. దృష్టిమాంద్యముతో బాధపడిన ద్వారము వేంకటస్వామినాయుడు వాయులీన విద్వాంసులై, 1936లో విజయనగర మహారాజ సంగీత కళాశాల కధ్యక్షులైరి. మచిలీపట్టణ ప్రాంతమున పుట్టుకతో నంధుడైన బొల్లా శ్రీకాంతు ఇంటర్మీడియెటులో సైన్సు చదువుటకై న్యాయస్థానము మెట్లెక్కి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో విద్య ముగించి, తిరిగివచ్చి పరిశ్రమ స్థాపించెను. త్రోవ యొసగినచో వారెంతదూరము పోగలరో చూపుటకు నివి చాలును.

కావున మహావిశాఖ నగరపాలక సంస్థవారికిని, నగరమున ప్రజాసేవలందించు తక్కిన సంస్థలవారికిని మా సూచన లివి. వెబ్‌సైటు నిర్మాణపు కాంట్రాక్టులలో సౌలభ్య ప్రమాణములను షరతుగ వ్రాసి, అవి నెఱవేరినపిమ్మటనే సొమ్ము చెల్లింపవలయును. అంధులు, బధిరులు, చేతులు స్వాధీనము లేనివారు, వీరికి పారితోషికమిచ్చి, పన్ను చెల్లింపు మొదలు రసీదు వఱకును పరీక్షింపజేయవలయును. ఉత్తరువులను, టెండర్లను, తుపాను హెచ్చరికలను యూనికోడ్ తెలుగున పాఠ్యరూపమున ప్రకటింపవలయును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్‌ను చూచిన నగరమునకు హెచ్చరిక విలువను వేఱుగ జెప్పనక్కఱలేదు. దోషములను తెలుపుటకు, బాధ్యుడైన యధికారి హోదాతో, ఫోనునకును లిఖితరూపమునకును వీలైన మార్గము నేర్పఱుపవలయును. వాట్సాపు సేవలలో దెఱచుకొను ఫారములకును నిదే పరీక్ష పెట్టవలయును. తుదకు, తెఱ యెంత బాగుపడినను, కచేరీలోని మనుష్యుని కిటికీని మూయరాదు. వెబ్‌సైటు వాడలేనివారికి, వాడనొల్లనివారికి నది తెఱచియే యుండవలయును.

పౌరులకును కర్తవ్యము గలదు. వార్డు కార్పొరేటరు ఓట్లకై వచ్చినప్పుడు రోడ్డును, కొళాయిని అడిగినట్లే దీనినిగూడ నడుగవలయును. ఇంట నంధుడున్నవారు మౌనముగ పన్ను తామే చెల్లించి యూరకుండక, రాష్ట్ర వికలాంగుల కమిషనరునకు వ్రాయవలయును. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని నినదించిన జనము 1971లో శంకుస్థాపనమును, 1992లో కర్మాగారము జాతి కంకితమగుటను జూచినది. ఆ హక్కు నెవ్వరును దానముగ నీయలేదు, ప్రజలడిగి తెచ్చుకొనిరి. వికలాంగులు నేడడుగునది ఉక్కు కర్మాగారమంతటి పెద్దది కాదు. తమ ఇంటిపన్నును తామే చెల్లించి, రసీదును తామే చదువుకొనుటకు వారు త్రోవ యడుగుచున్నారు. దానిని గూడ నీయజాలనిచో, నగరమునకు పెట్టుకొనిన పెద్ద పేరులన్నియు పలకమీది యక్షరములే యగును.