పడుగు ఒక్కసారి, ఆసు ప్రతిసారి

పోచంపల్లి చీర మగ్గం మీదికి రాకముందే ఇంట్లో సగానికి పైగా పని అయిపోతుంది. పట్టు ఉడకబెట్టి జిగురు తీయాలి. పడుగు సిద్ధం చేయాలి. పేక దారాన్ని మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి. ఆసు మీద గుర్తులు గీసి, రంగు అంటకూడని చోట చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచాలి. కండెలు చుట్టాలి. అప్పుడుగానీ నాడె కదలదు.

ఈ వరుసలో పట్టు ఉడకబెట్టడం పడుగుకూ ముందు జరగాలి, పేకకూ ముందు జరగాలి. రెండింటికీ అది ఉమ్మడి పని. రంగు సంగతి ఇంకా సున్నితం. పడుగులో, పేకలో ఒకే ఎరుపు కావాలంటే ఒకే తొట్టిలో అద్దుకోవడం మేలు. రెండోసారి కలిపిన రంగు మొదటిదానికి అచ్చంగా కుదరడం కష్టం. అంటే ఉమ్మడి పనిని రెండుసార్లు చేస్తే శ్రమ దండగ కావడం ఒక్కటే కాదు, చీరే తేడా కొట్టవచ్చు.

కంప్యూటర్‌లో పనులను వరుసపెట్టి నడిపే సాధనాలకూ ఇదే చిక్కు. వీటిని బిల్డ్ టూల్స్ అనీ, టాస్క్ రన్నర్లు అనీ అంటారు. ఏ పనికి ముందు ఏది కావాలో మనం రాసిపెడితే చాలు, వరుస అవే తేల్చుకుంటాయి. గద్వాల చీరకు నూలు పడుగు ఒకరు, పట్టు అంచు పడుగు ఇంకొకరు ఒకేసారి సిద్ధం చేసుకున్నట్టు, సంబంధం లేని పనులను పక్కపక్కనే నడిపిస్తాయి కూడా. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. ఒకే పనిని రెండు పనులు అడిగినప్పుడు ఏం చేయాలన్నదే ప్రశ్న.

ఈ సాధనాలకు పెద్దన్న లాంటిది ‘మేక్’. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. దాని వెనక ఒక వృథా అయిన పొద్దు ఉంది. తోటి ఉద్యోగి స్టీవ్ జాన్సన్ ప్రోగ్రామ్‌లో తప్పు కోసం పొద్దుటి పూటంతా వెతికారు. తప్పును అప్పటికే సరిదిద్దారు, కాని సరిదిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు. పాత సరుకే నడుస్తోంది. ముందురోజు సాయంత్రం ఫెల్డ్‌మన్‌కూ అదే అనుభవం.

అందుకే మేక్ చూసేది ఫైలును. ఫైలు తయారై ఉందా, దాని ముడిసరుకు కన్నా కొత్తదేనా? అయితే ఎంతమంది అడిగినా మళ్లీ చేయదు. కొత్తతరం సాధనాలు మరో అడుగు వేశాయి. గూగుల్ 2015లో అందరికీ తెరిచిన ‘బేజెల్’ ఫైలు ఎప్పుడు మారిందన్నది కాకుండా, లోపలి సరుకు మారిందా లేదా అన్నది చూస్తుంది.

అయితే అన్ని పనులూ వస్తువును మిగల్చవు. కొన్ని చేసి వదిలేసేవి. పాత ఫైళ్లు తుడిచేయడం అలాంటిదే. ఒక వెబ్‌సైట్ తయారీలో రంగుల ఫైలుకు ముందు ‘తుడుపు’ కావాలని రాశాం, ప్రోగ్రామ్ ఫైలుకు ముందూ తుడుపే కావాలని రాశాం అనుకోండి. జిమ్ వైరిక్ రూబీ భాషలో రాసిన ‘రేక్’ తుడుపును ఒక నడకలో ఒక్కసారే చేస్తుంది. రెండోసారి అడిగితే అయిపోయిందని ముందుకు పోతుంది. ‘గల్ప్’ అనే మరో సాధనం నాలుగో వెర్షన్ అలా కాదు. వరుసలో ఎన్నిచోట్ల రాస్తే అన్నిసార్లూ చేస్తుంది. తుడిచింది, రంగుల ఫైలు తయారుచేసింది, మళ్లీ తుడిచింది, ప్రోగ్రామ్ ఫైలు తయారుచేసింది. చివరికి చూస్తే రంగుల ఫైలు లేదు! తప్పు చెప్పే వాక్యం ఒక్కటీ కనపడదు. దీనికి మందు, తుడుపును రెండు పనుల్లోంచీ తీసి మొత్తం వరుసకు ముందు ఒక్కసారే పెట్టడం.

ఇది విన్నవాళ్లు రేక్ పద్ధతే మంచిదంటారు. నేను అంత తొందరగా ఒప్పుకోను. ఒక పడుగు మీద వరుసగా చాలా చీరలు దిగుతాయి. పడుగు ఒక్కసారి చేసుకుంటే అన్నింటికీ సరి. ఆసు అలా కాదు, ఏ చీర పేకకు ఆ చీరదే పోయాలి. ‘ఆసు అయిపోయింది’ అని రెండో చీరకు దాటేస్తే మగ్గం దగ్గర పేకే ఉండదు. రేక్ రాసినాయనకూ ఇది తెలుసు. అందుకే అయిపోయిన పనిని మళ్లీ చేయించుకోవడానికి విడిగా ఒక ఆజ్ఞ పెట్టారు. ఉమ్మడి పని రాసేటప్పుడు మనం అడగాల్సింది ఒక్కటే: ఇది పడుగా, ఆసా? ఆ సంగతి సాధనానికి తనంతట తెలియదు, రాసేవాళ్లే చెప్పాలి.

ఆసు లాంటి పనిని ఎంత తెలివైన వరుసా తగ్గించలేదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో, అప్పటి నల్లగొండ జిల్లాలో, చింతకింది మల్లేశం రోజూ చూసింది అదే. ఒక్క చీర ఆసుకు తల్లి చెయ్యి దాదాపు 9,000 సార్లు మేకుల చుట్టూ తిరగాలి. నాలుగైదు గంటల పని, భుజం పట్టేసేది. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆయన ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. తల్లి పేరు లక్ష్మి. యంత్రం పేరు లక్ష్మి ఆసు యంత్రం.