ఓవెన్ లేని ఇంట్లో మెత్తటి నిమ్మ కుకీలు: వాసన, పులుపు ఎక్కడ పోతున్నాయి?

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు అంచున, శబరి ఒడ్డున ఉన్న కొంటాలో తెలుగు వినని వీధి ఉండదు. సుక్మా జిల్లాలోని ఈ ఊరి మీదుగా వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి ఒకవైపు చింతూరు, భద్రాచలం, మరోవైపు జగదల్‌పూర్ చేరుస్తుంది. ఇలాంటి ఊళ్ళో నిమ్మకాయలకు లోటుండదు. సీజన్‌లో నాగపూర్ కమలాలు, తెలంగాణ బత్తాయిలూ వస్తాయి. నిమ్మ వాసనతో మెత్తగా ఉండే కుకీలు కావాలంటే మాత్రం ఇంట్లో చేసుకోవడమే దారి.

ఫోన్‌లో చూసి చేసినవాళ్ళు చెప్పే ఫిర్యాదులు దాదాపు ఒకటే. వాసన రాలేదు, పులుపు తెలియలేదు, చల్లారాక గట్టిపడ్డాయి. వెన్న, గుడ్డు, గ్యాస్ ఖర్చయ్యాక ఇలా అయితే మళ్ళీ చేయబుద్ధి కాదు. ఈ మూడింటికీ వేర్వేరు కారణాలున్నాయి.

వాసన తొక్కలో ఉంటుంది

నిమ్మకాయ పులిహోర చేసేటప్పుడు రసాన్ని పొయ్యి దించాకే కలుపుతాం. వేడికి రసంలోని సువాసన పోతుందని, చేదు వస్తుందని మనకు తెలుసు. కుకీ పిండిలో రసం పోసి కాల్చినప్పుడూ అదే జరుగుతుంది. నిమ్మజాతి కాయల అసలు పరిమళం తొక్క పైపొరలోని సన్నటి నూనె తిత్తుల్లో ఉంటుంది. అందులో ముఖ్యమైనది లిమోనిన్. అది కొవ్వులో కరుగుతుంది కాబట్టి వెన్నలో కలిస్తే కాల్చినా చాలావరకు నిలుస్తుంది.

అందుకే ముందు తొక్క తురుముకుని, తర్వాతే రసం పిండాలి. తురుమును చక్కెరలో వేసి వేళ్ళతో రెండు నిమిషాలు నలిపితే పలుకులు తిత్తులను చిదిమి నూనెను బయటికి తీస్తాయి. రంగున్న పైపొరనే తురమాలి, కింది తెల్లపొర చేదు. ఇంగ్లిష్ వంటకాల్లోని లెమన్ మందపాటి పసుపు తొక్క కాయ. మన నిమ్మ లైమ్ జాతిది, తొక్క పలచన, తురుము తక్కువ వస్తుంది. దానికి బత్తాయి లేదా కమలా తొక్క తోడు చేయడం మంచిది. కాయలను గోరువెచ్చటి నీళ్ళతో రుద్ది కడగాలి.

పులుపును సోడా తినేస్తుంది

పావు చెంచా వంటసోడా సుమారు ఒక పెద్ద చెంచా నిమ్మరసంలోని ఆమ్లాన్ని పూర్తిగా విరిచేయగలదు. రెండూ పిండిలో కలిస్తే నురగ వస్తుంది, పులుపు పోతుంది. రసం పెంచితే పిండి జారుగా మారి, పొయ్యి మీద పలచగా పరుచుకుంటుంది. కాబట్టి సోడాకు బదులు, తనలోనే ఆమ్లం ఉన్న బేకింగ్ పౌడర్ వాడాలి. పులుపును పైపూతగా ఇవ్వాలి. చల్లారిన కుకీల మీద పొడి చక్కెర, నిమ్మరసం కలిపి రాస్తే రసం వేడి తగలకుండా మిగులుతుంది.

మెత్తదనం తేమది

కుకీ గట్టిపడటానికి ప్రధాన కారణం ఎక్కువసేపు కాల్చడం. అంచులు గట్టిపడి, మధ్యభాగం ఇంకా పచ్చిగా అనిపించినప్పుడే దించాలి. పళ్ళెం వేడికి మిగతాది ఉడుకుతుంది. మైదాలో కొంచెం కార్న్‌ఫ్లోర్ కలిపితే జిగురు తగ్గుతుంది. మైదా వేశాక ఎక్కువ కలిపితే జిగురు పెరిగి కుకీ బిరుసెక్కుతుంది. చక్కెరలో రెండు చెంచాలు బెల్లం పొడి అయితే మరీ మంచిది, బెల్లం తేమను పట్టి ఉంచుతుంది.

కొంటా ఎండలకు ఇంకో చిక్కుంది. వెన్న 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. వేసవిలో పొద్దున్నే పిండి కలిపి, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి ఉండలు చేయాలి. కరెంటు లేకపోతే మూతపెట్టిన గిన్నెను చల్లటి నీళ్ళున్న బేసిన్‌లో ఉంచవచ్చు.

కొలతలు, కాల్చడం

వెన్న 100 గ్రాములు, చక్కెర 120, మైదా 170, కార్న్‌ఫ్లోర్ 15, గుడ్డు ఒకటి, బేకింగ్ పౌడర్ ముప్పావు చెంచా, చిటికెడు ఉప్పు, ఒక బత్తాయి, రెండు నిమ్మకాయల తొక్క తురుము. తురుముతో నలిపిన చక్కెరను వెన్నతో గిలకొట్టి, గుడ్డు కలిపి, చివర పొడి పిండ్లు వేయాలి. ఇవి సుమారు 18 కుకీలవుతాయి.

ఓవెన్ ఉంటే 175 డిగ్రీల వద్ద 10 నుంచి 12 నిమిషాలు. లేకపోతే పాత మందపాటి గిన్నెలో అంగుళం మందాన ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతవేసి మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడిచేయాలి. తర్వాత పళ్ళెం పెట్టి సన్నసెగ మీద 15 నిమిషాల నుంచి చూస్తూ ఉండాలి. ప్రెషర్ కుక్కర్ వాడితే గ్యాస్కెట్, విజిల్ తప్పనిసరిగా తీసేయాలి. మొదటి విడతలో రెండే కుకీలు కాల్చి చూస్తే మీ పొయ్యికి పట్టే సమయం తెలుస్తుంది.

మెత్తటి కుకీలో తేమ ఎక్కువ కాబట్టి బిస్కెట్ అంత నిల్వ ఉండదు. పూర్తిగా చల్లారాకే గాలి చొరని డబ్బాలో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. వానాకాలంలో ఇంకా త్వరగా బూజు పడుతుంది. ఇంటి దగ్గర చేసి సంతలో అమ్మాలనుకునే మహిళా సంఘాలు ముందు లెక్కవేసుకోవాల్సింది ఈ రోజులనే. ఎంత చిన్న అమ్మకమైనా ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు ఉండాలి, డబ్బా మీద తయారీ తేదీ ఉండాలి.