థిన్ క్లయింట్‌కు స్మార్ట్ కార్డ్ లాగిన్: ఎందుకు? ఎలా?

ఆసుపత్రి వార్డులో నర్సుల బల్ల మీద థిన్ క్లయింట్ అనే ఒక చిన్న పెట్టె, మానిటర్, కీబోర్డు ఉంటాయి. షిఫ్టులో నలుగురైదుగురు ఆ బల్ల దగ్గరే పని చేస్తారు. ఒకరు పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్తారు. ఈలోగా రోగి పిలిస్తే లేచి వెళ్లిపోతారు, స్క్రీన్ తెరిచే ఉంటుంది. తర్వాత వచ్చినవారు తొందరలో దాని మీదే పని కానిచ్చేస్తారు. ఇక రికార్డులో ఒకరి పేరు ఉంటుంది, మందు నమోదు చేసింది మరొకరు. బ్యాంకు కౌంటర్లలో, ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా ఇదే చిక్కు. దీనికి స్మార్ట్ కార్డ్ లాగిన్ మంచి విరుగుడు. అయితే అమర్చే క్రమం తప్పితే పని ఎక్కడ ఆగిందో అంతుపట్టదు. విండోస్ డొమైన్, లినక్స్ థిన్ క్లయింట్ ఉన్న చోటును తీసుకుని ఒక్కో ప్రశ్నే చూద్దాం.

పాస్‌వర్డ్ ఉండగా కార్డు ఎందుకు?

పాస్‌వర్డ్‌ను ఇంకొకరికి చెప్పొచ్చు, చీటీ మీద రాసి అతికించొచ్చు, దొంగ వెబ్‌సైట్‌లో కొట్టి పోగొట్టుకోవచ్చు. కార్డులోని చిప్ అలా కాదు. రహస్య కీ ఆ చిప్‌లోనే పుడుతుంది, బయటికి రాదు. గుర్తింపు రుజువు చేయాల్సి వచ్చినప్పుడు సంతకం కూడా చిప్ లోపలే జరుగుతుంది. పిన్ తెలిసినా కార్డు చేతిలో లేకపోతే లాభం లేదు. కార్డు దొరికినవారికి పిన్ తెలియదు. వరసగా కొన్నిసార్లు తప్పు పిన్ కొడితే కార్డే లాక్ అయిపోతుంది.

థిన్ క్లయింట్‌తో కలిసినప్పుడు ఇంకో లాభం ఉంది. పని అంతా సర్వర్‌లో నడుస్తుంది కాబట్టి ఒక బల్ల దగ్గర కార్డు తీసి మరో బల్ల దగ్గర పెడితే, ఆపిన చోటి నుంచే పని కొనసాగించొచ్చు. 1999లో వచ్చిన సన్ మైక్రోసిస్టమ్స్ వారి సన్ రే పెట్టెలకు పేరు తెచ్చింది ఈ సౌకర్యమే.

మా దగ్గర డిజిటల్ సంతకపు (డీఎస్‌సీ) డాంగిల్ ఉంది, అది చాలదా?

టెండర్లకు, జీఎస్టీ రిటర్నులకు, ఈ-ఆఫీస్ ఫైళ్లకు వాడే డాంగిల్‌లోనూ ఇలాంటి చిప్పే ఉంటుంది. కానీ ఆ సర్టిఫికెట్ సంతకం కోసం ఇచ్చింది. డొమైన్ లాగిన్‌కు వాడే సర్టిఫికెట్‌లో మామూలుగా ‘స్మార్ట్ కార్డ్ లాగాన్’ అనే ప్రయోజనం, డొమైన్‌లో ఆ ఉద్యోగి యూజర్ పేరు రాసి ఉంటాయి. దాన్ని జారీ చేసిన అథారిటీని డొమైన్ నమ్మాలి. సంతకపు డాంగిల్‌ను దీనికి లాగకుండా, సంస్థ సొంత సర్టిఫికెట్ అథారిటీ నుంచి విడిగా కార్డులు ఇవ్వడమే సరైన పద్ధతి.

కార్డు ఇక్కడ, విండోస్ అక్కడ. మరి ఎలా కలుస్తాయి?

సర్వర్‌లోని విండోస్ ‘కార్డు ఉందా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న రిమోట్ డెస్క్‌టాప్ (ఆర్‌డీపీ) కనెక్షన్‌లోని ప్రత్యేక ఛానెల్ గుండా పెట్టె దాకా వస్తుంది. పెట్టెలో నడిచే పీసీఎస్‌సీడీ అనే సర్వీసు దాన్ని రీడర్‌కు అందిస్తుంది. జవాబు అదే దారిన వెనక్కి పోతుంది. అందువల్ల రీడర్ డ్రైవర్ పెట్టెలో ఉండాలి, కార్డు భాష తెలిసిన డ్రైవర్ సర్వర్‌లో ఉండాలి. ఈ తేడా పట్టుకుంటే సగం తికమక తీరిపోతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పెట్టె దగ్గర కాదు, డొమైన్ కంట్రోలర్ దగ్గర. ముందు దానికి ‘కెర్బెరోస్ అథెంటికేషన్’ టెంప్లేట్‌తో సొంత సర్టిఫికెట్ ఉండాలి. కార్డులు జారీ చేసే అథారిటీ సర్టిఫికెట్ యాక్టివ్ డైరెక్టరీలోని ఎన్‌టీఆథ్ జాబితాలో చేరాలి. రద్దయిన సర్టిఫికెట్ల జాబితా, అంటే సీఆర్‌ఎల్, డొమైన్ కంట్రోలర్‌కు అందుబాటులో ఉండాలి.

తర్వాత ఉద్యోగి సర్టిఫికెట్. 2022 మే అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఇక్కడ పట్టు బిగించింది. సర్టిఫికెట్‌లో యూజర్ పేరు మాత్రమే ఉంటే చాలదు. ఆ ఖాతా ఎస్‌ఐడీ (డొమైన్‌లో ఖాతా గుర్తింపు సంఖ్య) సర్టిఫికెట్‌లో ఉండాలి, లేదా ఖాతాకు ఆ సర్టిఫికెట్‌ను గట్టిగా ముడిపెట్టి ఉండాలి. 2025 నుంచి ఇది తప్పనిసరి. నిన్నటిదాకా పనిచేసిన పాత కార్డు ఇవాళ తిరస్కారానికి గురైతే ముందు చూడాల్సింది ఇదే.

ఇప్పుడు డొమైన్‌లో చేరిన మామూలు పీసీకి రీడర్ తగిలించి లాగిన్ చేసి చూడండి. ఇక్కడే పని కాకపోతే థిన్ క్లయింట్ జోలికి వెళ్లడం వృథా.

పెట్టెలో ఏం చూడాలి?

పీసీఎస్‌సీడీ, సీసీఐడీ అనే రీడర్ డ్రైవర్ ఉన్నాయో లేదో చూసి పీసీఎస్‌సీ-స్కాన్ కమాండ్ నడపండి. ముందు రీడర్ పేరు కనిపిస్తుంది. కార్డు దూర్చగానే ఏటీఆర్ అనే వరస వస్తుంది, చాలా కార్డులకు అది 3బీతో మొదలవుతుంది. ఆ వరస వచ్చిందంటే చిప్ మాట్లాడుతున్నట్టే. రీడర్ పేరు కూడా రాకపోతే లోపం డ్రైవర్‌లోనో యూఎస్‌బీలోనో ఉంది. పేరు వచ్చి ఏటీఆర్ రాకపోతే కార్డు తిరగేసి పెట్టారేమో చూడండి.

ఆపైన ఫ్రీఆర్‌డీపీలో స్మార్ట్‌కార్డ్ ఆప్షన్ పెట్టి సర్వర్‌కు కనెక్ట్ కండి. సర్వర్ గ్రూప్ పాలసీలో స్మార్ట్ కార్డ్ రీడైరెక్షన్‌ను ఆపి ఉంచలేదని నిర్ధారించుకోండి. ముందు పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లి, సెషన్‌లో సర్ట్‌యుటిల్‌ను ఎస్‌సీఇన్ఫో ఆప్షన్‌తో నడిపితే కార్డు, దానిలోని సర్టిఫికెట్ కనిపించాలి.

ఎన్‌ఎల్‌ఏ ఎందుకు అడ్డొస్తుంది?

ఎన్‌ఎల్‌ఏ (నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్) ఉంటే సెషన్ తెరవకముందే గుర్తింపు రుజువు కావాలి. విండోస్ లాగిన్ స్క్రీన్ ఇంకా రానేలేదు కాబట్టి పెట్టే స్వయంగా కార్డు వాడి కెర్బెరోస్ టికెట్ తెచ్చుకోవాలి. అప్పుడు కార్డు భాష పెట్టెకూ తెలియాలి. ఆ పని ఓపెన్‌ఎస్‌సీ లాంటి లైబ్రరీ చేస్తుంది. పెట్టెకు డొమైన్ డీఎన్‌ఎస్, డొమైన్ కంట్రోలర్ 88వ పోర్టుకు దారి, రూట్ సర్టిఫికెట్ కావాలి. గడియారం తేడా 5 నిమిషాలు దాటకూడదు. కరెంటు పోయి వచ్చాక కొన్ని పెట్టెల్లో టైమ్ వెనక్కి పోతుంది. టైమ్‌ను సరిగా ఉంచే ఎన్‌టీపీని సరిచేయగానే ‘కార్డు చెడిపోయింది’ అనుకున్న సమస్య మాయమవుతుంది. లాగిన్ కుదరలేదని ఎన్‌ఎల్‌ఏను తీసేయడం మాత్రం మందు కాదు. ముందు పైన చెప్పినవన్నీ సరిచూడండి.

కార్డు తీస్తే స్క్రీన్ దానంతటదే మూసుకుంటుందా?

మూసుకోదు. విండోస్‌లో మామూలుగా ఉండే అమరిక ‘ఏమీ చేయొద్దు’. స్మార్ట్ కార్డ్ రిమూవల్ బిహేవియర్ పాలసీలో లాక్ గానీ డిస్‌కనెక్ట్ గానీ ఎంచుకోవాలి, స్మార్ట్ కార్డ్ రిమూవల్ పాలసీ సర్వీసు నడుస్తూ ఉండాలి. ఇది చేయకపోతే వార్డు బల్ల సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది.

కార్డు పోతే?

సర్టిఫికెట్ రద్దు చేస్తే చాలదు. పాత సీఆర్‌ఎల్ గడువు తీరేదాకా సర్వర్లు దాన్నే నమ్ముతూ ఉండొచ్చు. అందుకే ఖాతాను వెంటనే నిలిపేసి, కొత్త సీఆర్‌ఎల్ సర్వర్లకు అంది, కొత్త కార్డు ఇచ్చాకే తెరవండి. ఇంట్లో మరిచి వచ్చినవారికి పాస్‌వర్డ్ ఇచ్చేయకుండా ఒక్కరోజు కార్డు ఇవ్వండి. కార్డు అవసరం లేని అడ్మిన్ ఖాతాలు ఒకటి రెండు, పాస్‌వర్డ్ సీల్ చేసి భద్రంగా ఉంచండి. అందరికీ తప్పనిసరి చేసేముందు ఒక్క విభాగంలో నడిపి చూడండి.

ఇంకొక్క మాట. సీఆర్‌ఎల్ గడువు ఆదివారం రాత్రి తీరిపోయి కొత్తది రాకపోతే, సోమవారం పొద్దున కార్డులన్నీ బాగానే ఉన్నా ఎవరూ లోపలికి వెళ్లలేరు. ఆ తేదీ చూసే బాధ్యత ఒకరి పేరు మీద పెట్టి, ఇవాళే క్యాలెండర్‌లో రాసుకోండి.