జడ్డిగంలో చెయ్యి

గార్లదిన్నె మండలంలోని ఒక పాత కొట్టం. దూలానికి తాళ్లతో కట్టిన గొర్రును బూజు దులిపి కిందికి దించాం. మూడు పళ్లు, మూడు వెదురు గొట్టాలు. గొట్టాల తలలన్నీ కలిసేచోట చెక్క గిన్నె. అదే జడ్డిగం. దాని లోపలి అంచు అద్దంలా నున్నబడింది. ఏళ్ల తరబడి విత్తనం వదిలిన చేతివేళ్ల ఒరిపిడి అది.

"పిడికిలి మూసే ఉండల్ల నాయినా. వేళ్ల సందుల్లోంచే గింజ రాలల్ల. ఎద్దులు బిరీన నడిస్తే చెయ్యీ బిరీన ఆడల్ల," అంది ఆ ఇంటి అవ్వ.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. పెనకచెర్ల డ్యాం ఈ మండలంలోనే ఉన్నా మెట్ట చేలకు మబ్బే దిక్కు. ఎర్రనేల పదును నాలుగు రోజులు కూడా నిలవదు. ఆలోగా గింజ తడిమట్టి దాకా దిగాలి, సాలు తప్పకుండా పడాలి. ఆ రెండు పనులూ ఒక్కసారే చేసే యంత్రం గొర్రు. యంత్రమనే అంటాను. విత్తే గొర్రు ఐరోపావాళ్ల కల్పనే అనుకున్న బ్రిటిష్ అధికారి కెప్టెన్ థామస్ హాల్కాట్, దక్షిణాదిలో ఒక పొలంలో దాన్ని చూసి నివ్వెరపోయాడు. ఆయన రాసింది 1797లో ఇంగ్లండ్‌లో అచ్చయింది. చరిత్రకారుడు ధరంపాల్ 1971లో దాన్ని తన పుస్తకంలో చేర్చి మనకు మళ్లీ చూపించాడు.

బెంగళూరు–మైసూరు దారిలో, రామనగర దగ్గర ఇలాంటి పనిముట్లను దాచిన జానపద లోక అనే మ్యూజియం ఉంది. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన హెచ్.ఎల్. నాగేగౌడ పట్టుదలతో 1994లో వెలసింది. అక్కడి సేద్యపు పనిముట్ల ముందు నిలబడితే నాకు మా పల్లెలే కళ్లకు కట్టాయి. సంతోషం వేసింది, కడుపులో తిప్పినట్టూ అయింది. మన వస్తువులు మన కొట్టాల్లో చెదలు పడుతున్నాయి కదా! బావి నీళ్లు తోడడానికి కపిల తోలిన తోలు బాన ఎక్కడుంది? ఒట్టిపోయిన బావుల పక్కన ఆయిల్ ఇంజన్లు తుప్పు పడుతుంటే పాత ఇనుము వాళ్లకు తూచి ఇచ్చేస్తున్నాం.

ఇంగ్లండ్‌లోని చెషైర్ ప్రాంతంలో ఆన్సన్ ఇంజన్ మ్యూజియం ఉంది. అక్కడ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే పాత ఇంజన్లను విప్పి, తుడిచి, నూనె పోసి మళ్లీ నడిపిస్తారు. అద్దాల బీరువాలో పెట్టి చూపించడం కాదు, చప్పుడు వినిపించడం వాళ్ల పట్టుదల. గార్లదిన్నెలో అలాంటిదానికి పెద్ద భవనం అక్కర్లేదు. ఒక ఖాళీ కొట్టం, ఆదివారం రెండు గంటలు ఇచ్చే పదిమంది, హ్యాండిల్ కొట్టి ఇంజన్ లేపగల ఒక మెకానిక్, ఈ అవ్వ. అవ్వను ముందు పిలవాలి. చెక్క ఇంకో ముప్పై ఏళ్లు ఆగుతుంది.

గొర్రును గోడకు ఆనించాం. అవ్వ ఇంట్లోకి వెళ్లి చాటలో గుప్పెడు జొన్నలు తెచ్చింది. జడ్డిగం మీద పిడికిలి పెట్టి, చూడకుండానే వదిలింది. మూడు గొట్టాల్లోంచి గింజలు గలగలమంటూ దిగి, నేలమీద మూడు చోట్ల పడ్డాయి. వంగి లెక్కపెట్టాను. ఒకచోట ఏడు, ఒకచోట ఏడు, మరోచోట ఎనిమిది.

"ఒకటి ఎక్కువ పడింది," అంది అవ్వ, "చెయ్యి మర్చిపోయింది."