రాళ్లదారిలో నాలుగు చక్రాలు

కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వైపు సాగే దారిలో దక్కన్ పీఠభూమి తన అసలు స్వరూపాన్ని ప్రదర్శిస్తుంది. వరిమడులు, చెరువుగట్లు, వాటి వెనుక ఎవరో పేర్చి పెట్టినట్లుండే గ్రానైటు గుండ్లు కనిపిస్తాయి. ఎల్లారెడ్డి, 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి విడివడిన కామారెడ్డి జిల్లాలో ఒక రెవెన్యూ డివిజను కేంద్రం. ఈ ప్రాంతపు గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. ఎండకు, వానకు వాటి అంచులు అరిగి గుండ్రనవుతాయి. రాలిన రేణువులు మొరంగా మారి పరుపుబండల మీద పరచుకుంటాయి. పొడి బండను రబ్బరు చక్రం గట్టిగా పట్టుకుంటుంది. అదే బండపై మొరం ఉంటే జొన్నగింజల మీద కాలు మోపినట్లు జారిపోతుంది.

ఇటువంటి ఏటవాలు రాళ్లదారిని వాహనం ఎక్కాలంటే ఇంజను బలం ఒక్కటే చాలునని చాలామంది భావిస్తారు. ఆ బలాన్ని నేలకు అందించేవి చక్రాలు. చక్రం నేలను తాకకపోతే ఎంత బలమున్నా వృథాయే.

ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి మన ఇంటి వాకిలి చాలు. మూడుకాళ్ల పీటను ఎక్కడ వేసినా కదలక నిలుస్తుంది. నాలుగుకాళ్ల బల్లను ఎగుడుదిగుడు నేలపై వేస్తే ఒక కాలు గాలిలో తేలుతుంది. నులకమంచం మాత్రం అలా కాదు. దాని పట్టెలు, కోళ్లు కొద్దిగా మెలి తిరిగి, నాలుగు కోళ్లూ నేలకు ఆనుతాయి. రాళ్లపై నడవవలసిన వాహనం బల్లలా కాక నులకమంచంలా ఉండాలి. సస్పెన్షన్‌ను సరిచేయడం అంటే వాహనానికి ఈ గుణాన్ని అవసరమైన మేరకు సమకూర్చడమే.

ఈ సూత్రం రైతుకు కొత్తదేమీ కాదు. సాధారణ ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒకే శీల మీద తక్కెడ కాడిలా అటూ ఇటూ ఒరుగుతుంది. అందువల్ల వెనుక రెండు చక్రాలు, ముందు శీల కలిసి మూడుకాళ్ల పీట అవుతాయి. స్ప్రింగులు లేకపోయినా నాలుగు చక్రాలూ గట్లను, కాలువలను తాకుతూనే సాగుతాయి.

జీపు నిర్మాణం వేరు. దాని వేగం ఎక్కువ, మోసేది మనుషులను. 1941 నాటి విల్లీస్ జీపుకు ముందు వెనుకలు రెండూ ఒకే కడ్డీ ఇరుసులు. వాటిపై కమాను పట్టీలు ఉండేవి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ కూడా ఆ పద్ధతినే అనుసరించింది. 2020లో వచ్చిన కొత్త థార్‌లో ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, వెనుక ఒకే ఇరుసు ఉంది, అన్నింటికీ చుట్ట స్ప్రింగులే. 2023 నాటి జిమ్నీ రెండువైపులా ఒకే ఇరుసును నిలుపుకొని, చుట్ట స్ప్రింగులను చేర్చుకుంది. ఒకే ఇరుసు ఉన్నచోట ఒక చక్రం రాయిపైకి లేస్తే రెండవ చక్రం కిందికి నొక్కబడుతుంది. నున్నని రహదారిపై కుదుపులకు కారణమై నిందలు మోసిన పాత ఇరుసు గుట్టమీద ఉపకారి అవుతుంది.

చక్రం నేలను తాకినంత మాత్రాన సరిపోదు. దానిపై భారం కూడా ఉండాలి. ఒక్కో చక్రం 400 కిలోల భారం మోస్తున్నదని అనుకుందాం. సెంటీమీటరుకు 40 కిలోల చొప్పున నొక్కుకునే గట్టి స్ప్రింగు ఉంటే, చక్రం 10 సెంటీమీటర్లు గుంతలోకి దిగేసరికి దాని మీది భారం సున్నా అవుతుంది. సెంటీమీటరుకు 20 కిలోల స్ప్రింగయితే ఇంకా 200 కిలోల భారం మిగులుతుంది. అక్కడ పట్టు ఉంటుంది. పైగా సాధారణ డిఫరెన్షియల్ ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ తిప్పుబలాన్ని సమానంగానే పంచుతుంది. ఒక చక్రం గాలిలో ఉత్తినే తిరిగితే, బండ మీదున్న రెండవ చక్రానికీ అంతే స్వల్పబలం దక్కుతుంది. వాహనం కదలదు.

అయితే మెత్తదనమే సర్వస్వం కాదు. మెత్తని స్ప్రింగులపై వాహనం మలుపుల్లో బాగా ఒరుగుతుంది. ఆ ఒరుగుడును తగ్గించడానికే రెండు చక్రాలను కలుపుతూ యాంటీ రోల్ బార్ అనే ఉక్కు కడ్డీని అమరుస్తారు. రాళ్లదారిలో ఆ కడ్డీయే చక్రాల స్వేచ్ఛకు అడ్డు వస్తుంది. అందుకే, అనువుగా తయారైన వాహనాల్లో, గుట్ట ఎక్కేముందు దాని లంకెను విప్పి, తిరిగి రోడ్డెక్కేముందు బిగిస్తారు. బిగించడం మరచిపోయి 44వ జాతీయ రహదారిపై వేగంగా పోవడం ప్రాణాంతకం.

షాక్ అబ్జార్బరు పని మరొకటి. దానిలోని నూనె సన్నని రంధ్రాల గుండా ప్రవహిస్తూ స్ప్రింగు ఊగిసలాటను అణచివేస్తుంది. చక్రం పైకి లేచేటప్పుడు ఒక నిరోధం, కిందికి దిగేటప్పుడు మరొక నిరోధం ఉంటాయి. దిగేటప్పటి నిరోధం మితిమీరితే, చక్రం గుంతలోకి జారేలోగానే తరువాతి రాయి వచ్చి తగులుతుంది. నిరోధం మరీ తక్కువయితే ఏటవాలులో ముందుభాగం ఒక్కసారిగా పైకి ఎగసి భారాన్ని వెనుకకు నెడుతుంది. ఈ రెంటి మధ్య సరైన చోటును పుస్తకం చెప్పలేదు. నడక వేగంతో ఒకే రాయిని పదేపదే ఎక్కి చూచుకోవలసిందే.

ఇక ఎత్తు సంగతి. పట్టణాలలో జీపును ఎత్తుగా లేపడం ఒక వేడుకగా మారింది. చూడటానికి ఠీవిగానే ఉంటుంది గాని, లెక్క వేరే మాట చెబుతుంది. చక్రాల మధ్య వెడల్పు 1.5 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.7 మీటర్లు ఉన్న వాహనం, స్ప్రింగుల ఒరుగుడును పక్కనపెడితే, పక్కవాటుగా సుమారు 47 డిగ్రీల వరకు బోల్తా పడకుండా నిలవగలదు. గరిమనాభి 15 సెంటీమీటర్లు పెరిగితే ఆ హద్దు సుమారు 41 డిగ్రీలకు పడిపోతుంది. స్ప్రింగులు నొక్కుకునే నిజమైన వాహనంలో ఇది ఇంకా తక్కువ. అంతేకాక, ఎత్తు పెంచినపుడు ఇరుసు కిందికి దిగి బ్రేకు నూనె గొట్టాలు బిగుసుకుంటాయి. వాటి పొడవును పరీక్షించకుండా గుట్టకు తీసుకుపోతే, చక్రం పూర్తిగా వేలాడిన క్షణంలో గొట్టం తెగుతుంది. ఏటవాలులో బ్రేకు లేని వాహనంలో కూర్చున్నవారి గతి ఊహించుకోవచ్చు. తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా నిషేధిస్తున్నది.

కాబట్టి ఎత్తు పెంచడం చివరి మాటగానే ఉండాలి. మొదటి మాట టైరులో గాలి. చదరపు అంగుళానికి 30 పౌండ్లున్న గాలిని 20కి తగ్గిస్తే టైరు సాగి రాతి వంపును అరచేతిలా కప్పుకుంటుంది. రూపాయి ఖర్చు లేదు. మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుండి ఊడిపోతుంది. తరువాత పైకప్పు మీది సామాను దింపి, బరువును కిందికి, ఇరుసుల మధ్యకు చేర్చాలి. ఆ పిమ్మటే లంకెలు, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఫలితం దేనిదో తెలియదు.

చేసిన మార్పు ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ఒక చక్కని కొలత ఉంది. 20 డిగ్రీల వాలుగల దిమ్మెపై ముందు చక్రాన్ని ఒకదానినే మెల్లగా ఎక్కిస్తారు. మిగిలిన మూడింటిలో ఏదో ఒకటి నేలను వదలబోయే క్షణంలో ఆపి, చక్రం దిమ్మెపై ఎక్కిన దూరాన్ని కొలుస్తారు. దానిని ముందు వెనుక ఇరుసుల మధ్య దూరంతో భాగించి 1000తో హెచ్చవేస్తారు. 2.4 మీటర్ల వాహనం 1.2 మీటర్లు ఎక్కితే విలువ 500. మార్పుకు ముందొకసారి, తరువాత ఒకసారి కొలిస్తే తేడా అంకెలలోనే కనిపిస్తుంది. ఈ పరీక్షకు గుట్ట కూడా అక్కరలేదు; చదునైన నేల, గట్టి దిమ్మె, కొలత టేపు, పక్కన నిలబడి చక్రాన్ని గమనించే మనిషి ఉంటే చాలు.