పాత లౌడ్‌స్పీకర్ క్రాస్ఓవర్లలో కెపాసిటర్ల మార్పిడి

పాత లౌడ్‌స్పీకర్ పెట్టెలలోని క్రాస్ఓవర్ వలయంలో, కాలక్రమేణా గుణం మారిన కెపాసిటర్లను తొలగించి సమానమైన విలువ గల కొత్తవాటిని అమర్చే ప్రక్రియను వాడుకలో 'రీక్యాపింగ్' అంటారు. స్పీకరుకు దాని తొలినాటి ధ్వనిని తిరిగి కల్పించడమే దీని ఉద్దేశము. కొలతలు తీసుకోకుండా ఖరీదైన భాగాలను అమర్చినచో, రూపకర్త నిర్ణయించిన ధ్వని సమతూకం చెదిరిపోయే ప్రమాదమున్నది.

క్రాస్ఓవర్ పని

ఒకే స్పీకరు అన్ని పౌనఃపున్యాలను సమర్థంగా పలికించలేదు. అందుచేత మృదంగపు ఎడమవైపు నాదం వంటి మంద్రధ్వనులను వూఫరుకు, తాళాల వంటి తీక్ష్ణధ్వనులను ట్వీటరుకు క్రాస్ఓవర్ విడదీసి పంపుతుంది. ఇందులో తీగచుట్టలు, కెపాసిటర్లు, నిరోధకాలు ఉంటాయి. తీగచుట్ట అధిక పౌనఃపున్యాలను అడ్డగిస్తుంది. కెపాసిటరు అల్ప పౌనఃపున్యాలను అడ్డగిస్తుంది.

8 ఓమ్‌ల ట్వీటరుకు శ్రేణిలో 4 మైక్రోఫారడ్ల కెపాసిటరును కలిపితే విభజన సుమారు 5,000 హెర్ట్జ్ వద్ద జరుగుతుంది. కెపాసిటెన్స్ 3 మైక్రోఫారడ్లకు తగ్గితే అది సుమారు 6,600 హెర్ట్జ్‌కు జరిగి, మధ్యలో కొంత ధ్వని లోపిస్తుంది. 6కు పెరిగితే సుమారు 3,300 హెర్ట్జ్‌కు దిగి, ట్వీటరుపై భారం పెరుగుతుంది. స్పీకరు నిరోధం పౌనఃపున్యంతో మారుతుంది కనుక ఇవి స్థూలమైన లెక్కలు మాత్రమే.

కెపాసిటర్లు ఎందుకు పాడవుతాయి

స్పీకరుకు వచ్చే సంకేతం ఏకాంతర విద్యుత్తు. కావున ఇక్కడ ధన, ఋణ ధ్రువాల భేదం లేని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను విరివిగా వాడేవారు. వీటిలో ఆక్సైడు పొర గల రెండు అల్యూమినియం రేకుల మధ్య విద్యుద్విశ్లేష్యంలో తడిపిన కాగితం ఉంటుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ ద్రవం ఆరిపోతుంది. అప్పుడు కెపాసిటెన్స్ తగ్గుతుంది. అంతర్గత శ్రేణి నిరోధం (ఈఎస్ఆర్) పెరిగి, ట్వీటరు ధ్వని మందగిస్తుంది. లీకేజి పెరిగిన కెపాసిటరును మీటరు అసలు కంటె ఎక్కువ విలువ గలదానిగా చూపవచ్చు. అందుచేత కెపాసిటెన్స్ ఒక్కటే కొలిస్తే చాలదు. పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ ఫిల్ము కెపాసిటర్లలో ఆరిపోయే ద్రవం ఉండదు కనుక అవి చాలాకాలం మన్నుతాయి.

ఉదాహరణ: ఏఆర్-3ఏ

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జిలో నెలకొన్న అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ 1967లో ఏఆర్-3ఏ స్పీకరును విడుదల చేసింది. ఆ సంస్థను 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ స్థాపించారు. ఈ మూడు భాగాల స్పీకరులో విభజన 575, 5,000 హెర్ట్జ్‌ల వద్ద జరుగుతుంది. వూఫర్, మధ్యశ్రేణి, ట్వీటరు వలయాలలో వరుసగా 150, 50, 6 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఉంటాయి. ముందువైపు ధ్వని తగ్గడానికి ఇందులో కెపాసిటర్లే కారణమని భావించరాదు. వెనుకనున్న స్థాయి నియంత్రకాల లోహపు స్పర్శస్థానాలకు చిలుము పట్టినా అదే లక్షణం కనబడుతుంది.

కొత్తవాటి ఎంపిక

* విలువ మూలపటంలో ఉన్నదే ఉండాలి. వోల్టేజి పరిమితి మూలానికి సమానముగా గాని, అంతకు ఎక్కువగా గాని ఉండవచ్చు.
* ధ్రువాలు గల సాధారణ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరును వాడరాదు.
* 6 మైక్రోఫారడ్ల వంటి చిన్న విలువలకు ఫిల్ము రకం అనుకూలం. 150 వంటి పెద్ద విలువలలో ఫిల్ము రకం చాలా పెద్దదిగా, ఖరీదుగా ఉంటుంది కనుక కొత్త ధ్రువరహిత ఎలక్ట్రోలిటిక్ చాలును.
* ఫిల్ము రకంలో అంతర్గత నిరోధం చాలా తక్కువ. పాత రకంలోని నిరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకుని రూపొందించిన వలయంలో ట్వీటరు కొంచెం బిగ్గరగా వినిపించవచ్చు. అప్పుడు ఒక ఓమ్‌కు లోపు నిరోధకాన్ని శ్రేణిలో కలిపి సరిచేస్తారు.

పని విధానము

# విప్పకముందు వలయాన్ని ఛాయాచిత్రం తీసి, తీగల రంగులు వ్రాసుకొనవలెను.
# కెపాసిటరు ఒక కొనను సోల్డరు నుండి విడదీసి కొలవాలి. వలయంలోనే కొలిస్తే ప్రక్కనున్న తీగచుట్టల వలన అంకె తప్పు వస్తుంది.
# రెండు స్పీకర్లలోను ఒకేసారి, ఒకే రకం భాగాలు మార్చాలి. లేనిచో కుడి, ఎడమ ధ్వనులు సరిపోలవు.
# పెట్టెను మూసేటప్పుడు ఏఆర్-3ఏ వంటి మూసిన పెట్టెలలో గాలి చొరబడని విధంగా అతుకును సరిచూడవలెను.

జాగ్రత్తలు

పెట్టెలో గాజుపీచు నింపి ఉంటే చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పాత నూనె కెపాసిటర్లలో పాలిక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే విషపదార్థాలు ఉండవచ్చు. వీటి తయారీని అమెరికాలో 1979లో నిషేధించారు. అట్టి కెపాసిటర్లను పగులగొట్టరాదు, సాధారణ చెత్తలో వేయరాదు.

కొలతలో సరిగా ఉన్న కెపాసిటర్లను మార్చనవసరం లేదు. తొలగించిన ఎలక్ట్రోలిటిక్ భాగాలపై విలువ, స్థానం వ్రాసి భద్రపరచడం మంచిది. తరువాత ఎవరైనా మూలస్థితిని తెలుసుకోదలచినచో ఆధారం అవే.