నడుముకొలతయు గుండెజబ్బును

గత సంవత్సరము వేరుసెనగ పెఱికెడు దినములలో మన సంఘసభ్యుడొకడు చేని గట్టుమీద కూర్చుండి, రొమ్ములో బరువుగా నున్నదనియు, ఎడమచేయి లాగుచున్నదనియు చెప్పెను. అది గ్యాసు అనుకొని సోడా తెప్పించుకొని త్రాగెను. గంటన్నర గడచునప్పటికి ప్రాణము పోయెను. వయస్సు 47 సంవత్సరములు. పేరు వ్రాయము. ఆయన త్రాగుబోతు కాడు, బీడీ ముట్టినవాడు కాడు. కాళ్లు చేతులు సన్ననివే గాని పొట్టమాత్రము పంచెకట్టు మీదికి జాఱియుండెను. ఆ పొట్టను చూచి, ఇల్లు నాలుగు గింజలతో కళకళలాడుచున్నదని మనమందఱమును సంతోషించినవారమే. ఆయన తీసికొనిన పంటఋణము నేడు భార్యకు భారమైనది.

చీడపట్టిన మొక్కను పెఱికి వేరు చూచుట మా వృత్తి. ఈ మరణమునకును వేరెక్కడనో చూడవలెనని తోచి, వైద్యుల నడిగి తెలిసికొన్నదియు, ప్రకటింపబడిన పరిశోధనలలో చదివినదియు ఇచ్చట వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము. చదువరులు దీనిని మందుచీటీగా నెంచరాదు.

గుండెజబ్బు పట్టణపు షావుకార్లకు వచ్చునది గాని మడకపట్టినవానికి రాదని మన పెద్దల నమ్మిక. ఈ నమ్మిక చెల్లి చాలకాలమైనది. ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామములను తీసికొని, 2004 సెప్టెంబరు ఆఖరు వఱకు ఒక సంవత్సరములో మరణించినవారి యిండ్లకు పోయి, మరణకారణముల నడిగి వ్రాసిరి. మొత్తము 1354 మరణములు. వానిలో నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించిన జబ్బులవలన కలిగినవే. అంటుజబ్బులవలన కలిగినవి నూటికి 12 మాత్రమే. అవి కాలువ క్రింది మాగాణి గ్రామములు, మనవి మెట్టచేలు, నిజమే. అయినను మన తిండియు మన పనియు ఈ నలువది యేండ్లలో వారి తిండికిని పనికిని ఎంత దగ్గఱకు వచ్చినవో ముందు చెప్పెదము.

పొట్ట ఒంటరిగా రాదు. దానివెంట మఱి నాలుగు వచ్చుచుండును: రక్తపు పోటు 130కి 85 గాని అంతకు మించి గాని యుండుట, పరగడుపున నూఱు మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 100 మిల్లీగ్రాములు గాని మించి గాని యుండుట, ట్రైగ్లిజరైడులను క్రొవ్వు 150కి చేరుట, మేలుచేయు హెచ్.డి.ఎల్. అను క్రొవ్వు పురుషులలో 40కి, స్త్రీలలో 50కి తగ్గుట. ఇవి వేర్వేఱు జబ్బులు కావనియు, ఒకే వేరునుండి మొలచిన పిలకలనియు 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవన్ వివరించెను. 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యవారు నడుముకొలతను ముందుంచి, దానితో తక్కిన నాలుగింటిలో ఏ రెండు చేరినను దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అనవలెనని నిర్ణయించిరి. మన దేశస్థులకు వారు నిర్ణయించిన హద్దు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80. అనగా సుమారు ముప్పదియైదున్నర అంగుళములు, ముప్పదియొకటిన్నర అంగుళములు. తెల్లవారి పురుషులకు పెట్టిన హద్దు ఇంతకంటె ఎక్కువ. మన పురుషులకేల తక్కువ పెట్టిరో తరువాత వచ్చును.

వేరు ఏదనగా, చెఱువు క్రింది రైతునకు తెలిసిన పోలికతో చెప్పుదుము. తిన్న అన్నము చక్కెరగా మాఱి రక్తములో పాఱును. ఆ చక్కెరను కండలలోనికి వదలుటకు ఇన్సులిన్ అను పదార్థము నీరుగంటివలె పనిచేయును. నీరుగంటి వచ్చి తూము తెఱచిననే మడిలోనికి నీరు. నడుములో, ప్రేగులచుట్టును, కాలేయములోను క్రొవ్వు చేరినవానికి తూములు బిగిసికొనిపోవును. ఒక నీరుగంటి తెఱవలేని తూమునకు నలుగురిని పంపవలసి వచ్చును. శరీరము అట్లే ఇన్సులిన్‌ను ఎక్కువెక్కువగా పంపును. కొన్నేండ్లు ఈ విధముగా నడచును, పైకి జబ్బేమియు కనబడదు. కాని ఈ లోపల కాలేయము క్రొవ్వును రక్తములోనికి వదలుచుండును, పోటు పెరుగుచుండును. కడపట ఇన్సులిన్ చేయు గ్రంథి అలసిపోవును. అప్పుడు చక్కెరజబ్బు బయటపడును. మన మనుకొనునట్లు జబ్బు ఆ దినమున మొదలైనది కాదు, పదేండ్ల క్రిందట మొదలైనది.

గుండె రక్తనాళములు కాలువలో ఒండు పేరుకొన్నట్లు పూడిపోవునని మేము పూర్వము సభలలో చెప్పుచుంటిమి. ఒక వైద్యుడు మమ్ము దిద్దెను. ఒండు కాలువ అడుగున చేరును. ఈ క్రొవ్వు నాళపు గోడలోపల చేరి, కట్టలో చీమలపుట్టవలె గోడను గుల్ల చేయును. నీరు బాగుగనే పాఱుచుండును. ఒకనాడు ఆ గుల్ల పగులును, పగిలినచోట రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. నిన్నటి వఱకు మూటలు మోసినవాడు నేడు కూలుటకు కారణ మిదియే. పోటు, చక్కెర, పొగాకు ఈ మూడును గోడను బలహీనపఱచునవి.

ఇక సన్నని కాళ్లుచేతులవానికి ఈ పొట్ట ఏల? మనవారు తక్కువ బరువుతో పుట్టుదురు. పుట్టిన బిడ్డలో కండ తక్కువ, క్రొవ్వు ఎక్కువ యని పూనాలో యాజ్ఞిక్ వైద్యుని పరిశోధనలో తేలినది. 1876 మొదలు 1878 వఱకు నడచిన ధాత కఱవును, 1952లో గంజికేంద్రములు పెట్టిన కఱవును చూచిన సీమ మనది. గర్భములో ఆకలిచూచిన దేహము తరువాత కూడు దొరకినప్పుడు దానిని కండగా గాక క్రొవ్వుగా దాచుకొనునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. దీనికి మన తెలుగుదేశముననే ఒక సాక్ష్య మున్నది. 1987 మొదలు 1990 వఱకు హైదరాబాదు సమీపమున కొన్ని గ్రామములలో గర్భవతులకును ఆఱేండ్లలోపు పిల్లలకును దినమునకొకసారి ఉప్మా పెట్టిరి. ప్రక్క గ్రామములలో పెట్టలేదు. పదునైదేండ్ల తరువాత ఆ పిల్లలను పరీక్షింపగా, ఉప్మా తిన్న గ్రామములవారు కొంచెము పొడవుగా నుండుటయే గాక, వారి తూములు తక్కినవారికంటె మెత్తగా తెఱచుకొనుచుండెను, రక్తనాళములును కొంత మృదువుగా నుండెను. కావున కోడలు కడుపుతో నున్నప్పుడు ఆమె కంచములోని పప్పు, గ్రుడ్డు, పాలు తగ్గింపరాదు. ముప్పదేండ్ల తరువాత మనుమని గుండెకు అది పెట్టుబడి.

తిండి మాట. మన తాతలు కొఱ్ఱన్నము, జొన్నరొట్టె, రాగిసంగటి తినిరి. వరియన్నము పండుగకు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. ఆకలి తీఱెను, ఆ మేలును మేము తక్కువ చేయము. కాని పూటపూటకు తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే కంచము నిండెను. ఉదయము ఉగ్గాని, బజ్జీలు, మధ్యాహ్నము అన్నము, రాత్రి అన్నము. పప్పు పలుచన, నూనె చిక్కన. శనగయు కందియు పండించి బండి కెత్తి పంపి, తాము పులుసన్నము తినువారిని ఆళ్లగడ్డ తాలూకాలో మేము చాలమందిని చూచితిమి. ఇది మాకు అర్థము కాని లెక్క.

పని మాట. నాటుమడక చాలు వెడల్పు అర్ధయడుగు అనుకొన్నచో, ఒక ఎకరము దున్నుటకు రైతు ఎడ్లవెంట నడచు దూరము పదునాఱు మైళ్లకు పైగా నగును. కావలసినవారు 43,560 చదరపు అడుగులను సగమడుగుతో భాగించి చూచుకొనవచ్చును. నేడు ట్రాక్టరు గంటలో దున్నును, మనము గట్టుమీద నిలుచుందుము. దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలమునకు సుమారు ఎనిమిది కిలోమీటర్ల కొండదారి తాతలు నడచినదే. నేడు మోటారు సైకిలుపై పోయి, స్వామిని చూచి, ప్రసాదము తిని వచ్చుచున్నాము. ట్రాక్టరు మానుమని చెప్పు మూర్ఖత్వము మాకు లేదు. అయితే పోయిన పదునాఱు మైళ్లలో రెండైనను తిరిగి నడవవలెను.

కొఱ్ఱలను గూర్చి ఇప్పుడు గొప్ప మాటలు వినబడుచున్నవి. సూర్యనంది, నరసింహరాయ మొదలైన మంచి రకములు మన నంద్యాల పరిశోధనా స్థానమునుండియే వచ్చినవి, వేయుడు, తినుడు. పీచు ఎక్కువ, చక్కెర మెల్లగా ఎక్కును. కాని కొఱ్ఱ అమృతము కాదు. తలకాయంత సంగటి ముద్ద తిని, నడవక కూర్చుండిన పొట్ట తగ్గదు. అన్నమేదైనను ముద్ద చిన్నది చేసి, పప్పు, ఉలవలు, ఆకుకూర పెంచుట ముఖ్యము. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు, ఊరగాయలోనిదియు అందులోనిదే.

ఇట్లు చేసిన ఫలమున్నదా యని అడుగువారికి: చెన్నపట్టణమున చక్కెరజబ్బు అంచున నున్న 531 మందిని మూడేండ్లు చూచిరి. ఏమియు చెప్పని జట్టులో నూటికి 55 మందికి జబ్బు వచ్చెను. నడకయు తిండియు మార్చుకొన్న జట్టులో 39 మందికి. ఈ ఫలితము 2006లో ప్రకటితమైనది. విచిత్రమేమనగా వారి బరువు పెద్దగా తగ్గలేదు. అయినను ప్రయోజనము కలిగెను. కాటా కదలలేదని విసిగి నడక మానువారు దీనిని గమనింతురు గాక.

రొమ్ములో బిగింపు, దవడకో చేతికో ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఆయాసము కలిగినప్పుడు సోడా త్రాగుచు కూర్చుండరాదు. స్త్రీలకును చక్కెరజబ్బువారికిని నొప్పి లేకయే ఆయాసము మాత్రము రావచ్చును. వెంటనే 108కి ఫోను చేయవలెను. గడ్డను కరిగించు సూదిమందు కలదు. అది మొదటి గంటలలో చేసిన పనిని తరువాత చేయలేదు. పోటు మాత్రలు మొదలుపెట్టినవారు తల తేలికగా నున్నదని తమంత తామే మానరాదు. మన సభ్యుని యింట మాత్రల అట్ట సగము వాడినది గూటిలో దొరకెనని తరువాత తెలిసినది.

నడుము కొలుచు విధము: పంచెముడి దగ్గఱ కాదు, అది పొట్ట క్రిందికి దిగియుండును. కడపటి ప్రక్కటెముకకును తుంటియెముక పైయంచునకును నడుమ, గాలి మామూలుగా వదలిన పిమ్మట, బొడ్డు బిగింపక కొలువవలెను. ఈ వ్యాసమునకు పూర్వము మేమును కొలిచికొంటిమి, 96 వచ్చెను. నాటినుండి ఆఫీసుకు సైకిలు మాని నడచి వచ్చుచున్నాము.

సంఘ కార్యాలయమున ఎరువుల కాటా ప్రక్కనే దర్జీ టేపును, పోటు చూచు యంత్రమును ఉంచితిమి. ప్రతి సోమవారము ఉదయము ఎనిమిది గంటలకు గ్రామ ఆరోగ్యకార్యకర్త వచ్చును. ముప్పదేండ్లు దాటిన సభ్యులు, వారి భార్యలు కూడ, చక్కెర పరీక్షకు పరగడుపున రావలెను. పారువేటకు పల్లకి వెంట ఊరూర తిరుగువారు బయలుదేఱుటకు ముందే చూపించుకొనుట మంచిది.